చేతి పనిముట్లతో బీరువాలు, పెట్టెల పని: కొత్తగా మొదలుపెట్టేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటికొచ్చే కార్పెంటర్ చేసే పనికీ, మీరు చెప్పే పనికీ తేడా ఏమిటి?

ఈ రోజుల్లో ఇంటికొచ్చే కార్పెంటర్ ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటు కోసి, స్క్రూలు బిగించి, పైన లామినేట్ అతికించి వెళ్తాడు. అది చేతకాని పనేమీ కాదు. పదిరోజుల్లో వంటింటి అరలన్నీ పూర్తిచేసే నేర్పు అందరికీ రాదు. ఇక్కడ మాట్లాడుకునేది మాత్రం అసలు చెక్కతో, అతుకులతో చేసే పని గురించి. మన తాతల ఇళ్లలో భోషాణాలు, గోడ అల్మారాలు, జాలీ తలుపుల బీరువాలు ఉండేవి చూడండి, ఆ పని. ప్లైవుడ్ కదలదు కాబట్టి ఎలా బిగించినా ఊరుకుంటుంది. చెక్క ఊరుకోదు. రెండు పనులకూ మధ్య ఉన్న తేడా అంతా అక్కడే ఉంది.

మాది వడ్రంగుల కుటుంబం కాదు. నేర్పుతారా?

నేర్పుతారు. వడ్రంగం విశ్వబ్రాహ్మణుల ఐదు వృత్తుల్లో ఒకటి. కమ్మరి, కంచరి, శిల్పి, కంసాలి పనులు మిగతా నాలుగు. తరాల తరబడి తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన పని ఇది. ఇప్పుడు చాలా ఇళ్లలో పిల్లలు చదువుకుని వేరే ఉద్యోగాలకు వెళ్లిపోతున్నారు కాబట్టి, ఆసక్తిగా అడిగే కుర్రాడో అమ్మాయో దొరికితే పెద్ద మేస్త్రీలు సంతోషంగానే చూపిస్తారు. కానీ వాళ్ల పని గంటల్లో వెళ్లి ప్రశ్నలతో విసిగించకండి. పొట్టు ఊడ్చి, చెక్క పట్టుకుని, అడక్కుండానే ఉలి అందించేవాడికి చెప్పినంత వివరంగా చేతులు కట్టుకుని నిలబడ్డవాడికి ఎవరూ చెప్పరు.

మొదట ఏ పనిముట్లు కొనాలి?

అనుకున్నదానికంటే తక్కువే. పావు, అర, ముప్పాతిక అంగుళం ఉలులు మూడు. చెక్కను చిత్రిక పట్టి నున్నగా చేసే తోపడా ఒకటి, తెలంగాణ వైపు రందా అనేది. స్టాన్లీ నంబర్ 4 సైజు ఇనుప తోపడా మొదట చాలు. వీపుకి ఇనుప పట్టీ ఉన్న సన్నపళ్ల రంపం ఒకటి, చెక్క పొడవునా కోయడానికి పెద్ద రంపం ఒకటి. మూలమట్టం, స్టీలు స్కేలు, గీత గీసే గేజ్, పదునైన చిన్న కత్తి. తుమ్మతో చేసిన చెక్క సుత్తి. నాలుగు క్లాంపులు. వీటన్నిటికంటే ముందు సానరాయి.

మూలమట్టాన్ని కొట్లోనే పరీక్షించి కొనండి. సాఫీగా ఉన్న బల్ల అంచుకు ఆనించి ఒక గీత గీయండి. మట్టాన్ని అటు తిప్పి ఆనించి, అదే చోట ఇంకో గీత గీయండి. రెండూ ఒకదాని మీద ఒకటి పడితే సరే. పైకి వెళ్లేకొద్దీ దూరం జరిగితే ఆ మట్టం అక్కడే వదిలేయండి.

డబ్బాలో పన్నెండు ఉలుల సెట్ కొనకండి. అందులో తొమ్మిది మీకు అవసరం రావు, మిగతా మూడింటి ఉక్కు ఎలాంటిదో పెట్టె మీద రాసి ఉండదు.

కరెంటు మిషన్లు అక్కర్లేదా?

ఉంటే మంచిదే. మందపాటి చెక్కను పలకలుగా కోయడం, పెద్ద పలకను సాఫీ చేయడం చేత్తో చేస్తే ఒళ్లు హూనమవుతుంది. ఆ రెండూ సా మిల్లులో డబ్బులిచ్చి చేయించుకోండి. గీతలు, అతుకులు, తలుపు కూర్పు మాత్రం చేత్తోనే నేర్చుకోండి. మిషన్ వేగంగా కోస్తుంది, తప్పు గీతను కూడా అంతే వేగంగా.

పదును పెట్టడం అంత ముఖ్యమా? ఎలా పెట్టాలి?

ఈ పనిలో మొదటి నెల నేర్చుకోవాల్సింది పదునొక్కటే అని నా నమ్మకం. కొత్తవాళ్లు "నాకు చేయి కుదరడం లేదు" అని చెప్పే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం మొద్దు ఉలివల్లే. మొద్దు ఉలి చెక్కను కోయదు, నలుపుతుంది. దాన్ని ముందుకు నెట్టడానికి బలం వాడతారు, బలం వాడితే జారుతుంది, జారితే ఎడమ చేయి తెగుతుంది. ఉలితో పని చేసేటప్పుడు రెండు చేతులూ దాని మొన వెనకాలే ఉండాలన్న నియమం అందుకే.

కొత్త ఉలి కొన్నాక ముందు దాని చదును వైపు, అంటే వీపు, చూడండి. మొన దగ్గర అంగుళం మేర రాయి మీద అద్దంలా తేలేదాకా రుద్దాలి. విసుగు పుట్టే పనే, కానీ ఒక్కసారి చేస్తే జన్మంతా అక్కరలేదు. తర్వాత ఏటవాలు ముఖం. దానికి 25 డిగ్రీల కోణం ఉండాలి. కోణమానిని లేకపోతే స్కేలు పెట్టి కొలవండి. ఏటవాలు ముఖం పొడవు ఉలి మందానికి రెండింతల కంటే కాస్త ఎక్కువ, రెండున్నరకు కాస్త తక్కువ ఉంటే 25కి దగ్గరే. సరిగ్గా రెండింతలైతే 30 డిగ్రీలు. బెజ్జాలు కొట్టే ఉలికి 30 మంచిది, మొన విరగదు.

సానరాయి నంబరు పెరిగేకొద్దీ నునుపు పెరుగుతుంది. వెయ్యి నంబరు రాయి మీద నీళ్లు చల్లి, ఆ ఏటవాలు ముఖం పూర్తిగా ఆనేలా పెట్టి రుద్దండి. కాసేపటికి వీపు వైపు బొటనవేలిని మొన బయటికి లాగితే ఒక సన్నటి గరుకు అంచు తగులుతుంది. ఒక మూల నుంచి ఇంకో మూలదాకా అది తగిలిందంటే మొన అంతటా రాయి అందినట్టు. తగలకుండానే నున్నటి రాయికి మారితే ఎంత రుద్దినా దండగే. ఆ తర్వాత నాలుగువేలో ఆరువేలో నంబరు రాయి మీద నాలుగు రుద్దులు, వీపు చదునుగా పెట్టి ఒక రుద్దు, చివర తోలు మీద వెనక్కి లాగడం. రాళ్లకు డబ్బు లేకపోతే మందపాటి గాజు పలక మీద నీటి ఎమెరీ కాగితం అతికించుకుని 220 నుంచి 2000 వరకు వెళ్లండి, మొన అలాగే వస్తుంది.

పదును వచ్చిందా అని చేతి వెంట్రుకలు గొరిగి చూస్తారు చాలామంది. అది సరైన పరీక్ష కాదు. ఏదైనా మెత్తటి చెక్క తీసుకుని దాని కోసిన కొసను, అంటే నార నిలువుగా తెగిన వైపును, ఉలితో చేతి ఒత్తిడితోనే పలుచగా చెక్కి చూడండి. కోసిన చోటు నిగనిగలాడితే పదునుంది. తెల్లగా, పొడిపొడిగా చిరిగితే మళ్లీ రాయి దగ్గరకు వెళ్లాలి.

ఏ చెక్కతో మొదలుపెట్టాలి? టేకేనా?

టేకుతో మొదలుపెట్టకండి. ఘనపు అడుగు వేలల్లో ఉంటుంది, భయంభయంగా కోస్తారు. పైగా టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, అది ఉలి మొనను త్వరగా తినేస్తుంది. అయినా టేకును అందరూ ఎందుకు మెచ్చుకుంటారంటే, ఆరాక చాలా తక్కువగా కదులుతుంది, దానిలోని నూనె చెదను దగ్గరకు రానివ్వదు.

నేర్చుకోవడానికి వేప బాగుంటుంది. చవక, ఊళ్లలో దొరుకుతుంది, పురుగు పట్టదు. నార అటూఇటూ తిరుగుతుంది కాబట్టి తోపడా పదును ఎంతుందో వెంటనే తెలిసిపోతుంది. మామిడి కోతకు సులువు, కానీ పురుగుకు ఇష్టం. తుమ్మ గట్టిది, పనిముట్ల పిడులకూ సుత్తులకూ మేలు. గుమ్ముడు టేకు తేలిక, కదలిక తక్కువ, మొదటి పెట్టెలకు నాకు నచ్చిన చెక్క అదే.

ఏ చెక్క కొన్నా చేవ, అంటే చెట్టు లోపలి ముదురు రంగు గట్టి భాగం, చూసి తీసుకోండి. బెరడు పక్కనుండే తెల్లటి పొర టేకులోదైనా పుచ్చిపోతుంది. అడితిలో, అంటే కలప అమ్మే చోట, ఆ తెల్లదనం మీద ముదురు రంగు పూసి అమ్మేవాళ్లున్నారు. చెక్క కొసను చూస్తే మోసం తెలిసిపోతుంది, అక్కడ రంగు లోపలిదాకా ఉండదు.

పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే దూలాలు, ద్వారబంధాలు దొరికితే వదలకండి. యాభై అరవై ఏళ్లు ఆరిన టేకు ఏ అడితిలోనూ కొత్తగా దొరకదు. కోసే ముందు అయస్కాంతంతో పొడవునా తడిమి మేకులు చూసుకోండి. దాగున్న ఒక్క మేకు సా మిల్లువాడి బ్లేడు పళ్లు రాలుస్తుంది.

ఎర్రచందనం, ఇరుగుడు (రోజ్‌వుడ్) జోలికి వెళ్లకండి. రెండింటి మీదా అంతర్జాతీయ వ్యాపార ఆంక్షలున్నాయి. ఎర్రచందనం సంగతి ఆంధ్రప్రదేశ్‌లో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. సొంత పొలంలో టేకు చెట్టు కొట్టాలన్నా, లారీలో తరలించాలన్నా అనుమతి కావాలి. అడితిలో కొంటే బిల్లు అడిగి తీసుకోండి.

అడితిలో "సీఎఫ్టీ" అని లెక్క చెప్తారు, అర్థం కాదు.

సీఎఫ్టీ అంటే ఘనపు అడుగే. కోసిన చెక్కకు లెక్క సులువు. మందం అంగుళాల్లో, వెడల్పు అంగుళాల్లో, పొడవు అడుగుల్లో. మూడూ గుణించి 144తో భాగించండి. అంగుళంన్నర మందం, ఆరు అంగుళాల వెడల్పు, ఏడడుగుల పొడవు ఉన్న పట్టె అయితే 1.5 × 6 × 7 = 63. దాన్ని 144తో భాగిస్తే 0.4375. అంటే అర ఘనపు అడుగు కూడా లేదు. ఫోనులో లెక్క వేసుకుని వెళ్లి నిలబడండి, అవతలివాళ్ల మాట తీరే మారుతుంది.

దుంగ కొంటే లెక్క వేరు. చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తారు. నాలుగడుగుల చుట్టుకొలత, పదడుగుల పొడవు ఉన్న దుంగ ఈ లెక్కలో పది ఘనపు అడుగులు. నిజంగా అందులో ఉన్న చెక్క పన్నెండుంముప్పావు దాకా ఉంటుంది. లాభం వచ్చిందని సంబరపడకండి. చతురస్రంగా కోస్తే బెరడు, పక్క చెక్కలు పోతాయి కాబట్టే ఆ తేడా ముందుగానే వదిలేశారు. రంపపు పొట్టు కింద పోయేది దానికి అదనం.

చెక్క ఆరిందని ఎలా తెలుస్తుంది?

తేమ చూసే మీటర్ దొరుకుతుంది, పెద్ద ఖరీదు కాదు. ఇంట్లో వాడే బీరువాకు పది, పన్నెండు శాతం తేమ ఉన్న చెక్క కావాలి. మీటర్ లేకపోతే చిన్న ముక్క కోసి తూకం వేసి, రోజూ ఒకే వేళకు తూకం చూస్తూ ఉండండి. రెండు మూడు వారాలు బరువు మారకపోతే మీ ఇంటి గాలితో ఆ చెక్క సర్దుకున్నట్టే.

అడితి నుంచి తెచ్చిన రోజే కోయడం మొదలుపెట్టకండి. మధ్య మధ్య పుల్లలు పెట్టి, గాలి ఆడేలా పేర్చి, మీరు పని చేసే గదిలోనే కొన్ని వారాలు ఉంచండి. విశాఖ తేమగాలిలో ఆరిన చెక్క అనంతపురం ఇంట్లోకి వెళ్తే ఇంకా కుదించుకుంటుంది. తేడా ఎంత వస్తుందో కింద చెప్తాను.

ఎండాకాలంలో చక్కగా మూసుకున్న తలుపు వానాకాలంలో ఎందుకు బిగుసుకుంటుంది?

చెక్క గాలిలోని తేమ పీల్చుకుంటుంది, వదులుతుంది. పీల్చినప్పుడు వెడల్పు పెరుగుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. పొడవు మాత్రం దాదాపు మారదు. మొత్తం కళ అంతా ఈ ఒక్క సంగతిని ఎలా సముదాయించాలన్న దాని చుట్టూ తిరుగుతుంది.

పన్నెండు అంగుళాల వెడల్పున్న టేకు పలక తీసుకోండి. కొస వైపు కనిపించే చెట్టు వయసు వలయాలు పలక ముఖానికి సమాంతరంగా ఉన్న చెక్క అనుకుందాం. రోహిణి కార్తె ఎండల నుంచి శ్రావణం వానల దాకా దాని తేమ నాలుగు శాతం పెరిగితే, వెడల్పు రెండు మిల్లీమీటర్ల పైనే పెరుగుతుంది. టేకు కాబట్టి అంతే. వేరే చెక్కైతే ఇంకా ఎక్కువ. అంత పలకను నాలుగు వైపులా మేకులు కొట్టి, జిగురు పూసి బిగిస్తే ఏమవుతుంది? పెరగడానికి చోటు లేక వంగుతుంది, లేదా ఎండాకాలం కుదించుకునేటప్పుడు నిలువునా నెర్రె విడుస్తుంది. వలయాలు నిలువుగా ఉండేలా కోసిన పలకలో ఈ కదలిక దాదాపు సగమే. బాగా పేరున్న మేస్త్రీలు తలుపులకు అలాంటి చెక్కనే ఏరుకుంటారు.

మన పాత తలుపుల్లో చట్రం, దాని మధ్య పలక ఉండడానికి కారణం ఇదే, అందం కోసం కాదు. చట్రం సన్నటి పట్టెలతో చేస్తారు కాబట్టి వెడల్పు తేడా తక్కువ. లోపలి వైపు అంచుల్లో గాడి తీసి, పలకను అందులో జిగురు లేకుండా కూర్చుతారు. గాడి లోతు అంగుళంలో మూడు సూతులు ఉంటే, పలక రెండు పక్కలా ఒక్కో సూతు తక్కువ వెళ్లేలా కోస్తారు. సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఆ ఖాళీలోనే పలక ఏడాది పొడవునా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, బయటికి ఏమీ కనపడదు. పాత ఇంట్లో బీరువా తలుపు ఉంటే ఎండాకాలం చివర పలక అంచుల దగ్గర చూడండి, పాలిష్ పడని సన్నటి చార కనిపిస్తుంది. పాలిష్ వేసిననాటి కంటే పలక అంత కుదించుకుంది.

బల్ల పైచెక్కకూ ఇదే సూత్రం. కింది చట్రానికి గట్టిగా అతికించకూడదు. చెక్క బిళ్లలు పెట్టి గాడిలో జరిగేలా పట్టించాలి.

ఏ అతుకులు ముందు నేర్చుకోవాలి?

బెజ్జం, కుసి. తర్వాత డవ్‌టెయిల్, అంటే పావురం తోక ఆకారంలో పళ్లు కోసి రెండు పలకల్ని మూల దగ్గర కలిపే అతుకు. ఈ రెండూ వస్తే మన ఇళ్లలోని చెక్కసామానులో చాలా భాగం చేసేయొచ్చు.

ఒక చెక్కలో బెజ్జం తొలిచి, రెండో చెక్క చివర దానికి సరిపడే కుసి చెక్కి, లోపల దిగేస్తారు. కుసి మందం చెక్క మందంలో మూడో వంతు. ముప్పాతిక అంగుళం చట్రానికి పావు అంగుళం కుసి, దానికి పావు అంగుళం ఉలి. గీతలు పెన్సిల్‌తో కాదు, కత్తితో గీయండి. పెన్సిల్ గీతకు మందం ఉంటుంది, కత్తి గీతలో ఉలి మొన దానంతటదే కూర్చుంటుంది. బెజ్జం రెండు కొసల దగ్గరా కొంచెం వదిలి, మధ్యలో మొదలుపెట్టి కొట్టుకుంటూ రండి. చెక్క ఎత్తేటప్పుడు ఉలి వెనక కొసకు ఆనుకుని ఆ అంచు నలుగుతుంది కాబట్టి వదిలిన ముక్కను చివర్లో ఒక్క దెబ్బతో శుభ్రం చేయండి. కుసిని చేత్తో నెడితే బిగువుగా వెళ్లాలి, తలకిందులు చేస్తే జారిపోకూడదు. సుత్తితో కొట్టి దింపాల్సి వస్తే బెజ్జం చెక్క పగులుతుంది.

చట్రం కూర్చాక మూలకు మూల కొలవండి. రెండు ఏటవాలు కొలతలూ సమానమైతే చతురస్రం సరిగ్గా వచ్చినట్టే.

మేకులు, ఫెవికాల్ వాడొచ్చా?

వాడొచ్చు. పాత పనిలో పశువుల తోలు, ఎముకలతో చేసిన జిగురు కాచి వేడిగా పూసేవారు. దానికున్న గొప్ప సుగుణం ఏమిటంటే వేడి, తేమ తగిలితే విడుస్తుంది, బాగుచేయడం తేలిక. ఫెవికాల్ 1959లో మార్కెట్లోకి వచ్చింది, అప్పటి నుంచి ఆ కాగే పాత్ర మూలపడింది. మొదట నేర్చుకునేవాళ్లకు ఫెవికాల్ లాంటి తెల్ల జిగురే మేలు. టేకుకైతే అతికించే రోజే తోపడా పట్టి కొత్త ముఖం తేవాలి, ఎందుకంటే రోజులు గడిస్తే నూనె పైకి వచ్చి జిగురును సరిగా పట్టనివ్వదు.

మొదటి వస్తువు ఏది చేయాలి?

పీట. బీరువా కాదు. పీటకు పైచెక్క, రెండు కాళ్లు, మధ్య ఒక అడ్డపట్టె చాలు. నాలుగు బెజ్జాలతో కోత, గీత, బిగింపు అన్నీ వస్తాయి, పాడైనా పెద్ద నష్టం లేదు. అమ్మ వంటింట్లో వాడుకుంటుంది.

తర్వాత మూత ఉన్న చిన్న పెట్టె, దానికి డవ్‌టెయిల్ మూలలు. ఆ తర్వాత ఒకే తలుపున్న గోడ గూడు, లేదా దేవుడి గూడు. అందులో చట్రం, పలక, మడత బందులు వస్తాయి. సొరుగు దాని తర్వాత. సొరుగు కింద జారే పట్టీలకు కొవ్వొత్తి రుద్దితే చాలు, కొత్త కొత్త చానళ్లు అక్కర్లేదు.

ఎక్కడ నేర్చుకోవచ్చు? ప్రభుత్వ సాయం ఉందా?

ఐటీఐల్లో కార్పెంటర్ ట్రేడ్ ఉంది. బెంగళూరు మల్లేశ్వరంలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీలో శిక్షణ కేంద్రం ఉంది, అది ఎక్కువగా యంత్రాల పని. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. శిక్షణ రోజులకు రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయలు, పూచీకత్తు లేకుండా మొదట లక్ష, తర్వాత రెండు లక్షల దాకా 5 శాతం వడ్డీకి రుణం. కుటుంబంలో ఒకరికే, అదీ ఇప్పటికే ఈ పనిలో ఉన్నవాళ్లకు. సరదాకి నేర్చుకునేవాళ్లకు కాదు.

అయినా మేస్త్రి పక్కన కూర్చున్నదానికి ఏదీ సాటి రాదు. వాళ్లలో చాలామంది నేల మీద కూర్చుని, చెక్కను కాలివేళ్లతో పట్టుకుని పని చేస్తారు. మోకాళ్లు సహకరిస్తే ఆ పద్ధతే నేర్చుకోండి, బెంచీ ఖర్చు తప్పుతుంది.

అపార్ట్‌మెంట్‌లో కుదురుతుందా?

కుదురుతుంది. తోపడా, రంపం చప్పుడు పక్కింటికి వినపడదు. ఉలి దెబ్బలు కింద ఫ్లోర్‌కు వినపడతాయి, బల్ల కాళ్ల కింద రబ్బరు ముక్కలు పెట్టి, మధ్యాహ్నం నిద్రవేళ మానండి.

మేం అమెరికాలో ఉంటాం. టేకు దొరకదు.

అవసరం లేదు. అక్కడ పాప్లర్‌తో మొదలుపెట్టి, వాల్‌నట్, చెర్రీ, యాష్‌లకు వెళ్లండి. అక్కడ లెక్క బోర్డ్ ఫుట్‌లో ఉంటుంది. పన్నెండు బోర్డ్ ఫుట్లు కలిస్తే మన ఒక ఘనపు అడుగు. చలికాలంలో హీటర్ వేసిన ఇంట్లో గాలి బాగా ఎండుతుంది, పలకలకు ఖాళీ కాస్త ఎక్కువే వదలండి.

దీనితో బతకొచ్చా?

ధరలో ప్లైవుడ్‌తో పోటీ పడలేరు. పాత బీరువాలు బాగుచేయడం, తలుపులు, దేవుడి గదులు, చిన్న పెట్టెలు అయితే డబ్బు వస్తుంది. ఉద్యోగం మానేసే ముందు, అడిగి డబ్బిచ్చే పదిమంది దొరికారా అని చూసుకోండి.

పాలిష్ ఏది వేయాలి?

బీరువాకు లక్కబిళ్లలు స్పిరిట్‌లో కరిగించి గుడ్డ ఉండతో పూసే పాలిష్ నాకిష్టం. లీటరు స్పిరిట్‌కు 240 గ్రాముల లక్క మామూలు పాళ్లు. పలుచగా, చాలాసార్లు. ముసురు పట్టిన రోజు వేస్తే తేమ చిక్కుకుని తెల్లగా మబ్బు పడుతుంది, అందుకే వానాకాలంలో పాలిష్ పని ఆపేస్తారు. వేడి గిన్నెలు పెట్టే బల్లకు మాత్రం లక్క పనికిరాదు, మచ్చ పడుతుంది.

అలాంటి బల్లకు అవిసె నూనె పూయొచ్చు. నూనె తుడిచిన గుడ్డల్ని మాత్రం ఉండ చుట్టి మూల పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో వేడి బయటికి పోక దానంతటదే అంటుకుంటుంది. విప్పి, ఆరుబయట తీగ మీద ఒక్కొక్కటిగా ఆరేయండి, లేదా నీళ్లున్న డబ్బాలో ముంచి మూత పెట్టండి.